సైకిలు గేర్ల మార్పిడి వ్యవస్థ

సైకిలు గేర్ల మార్పిడి వ్యవస్థ అనగా పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనుక చక్రం ఎన్ని చుట్లు తిరగాలో ప్రయాణంలో ఉండగానే మార్చుకొనుటకు వీలు కల్పించే అమరిక. ఇది ముఖ్యంగా రెండు రకాలు. వెనుక చక్రపు హబ్బు లోపల ఇమిడి ఉండే పళ్ళచక్రాలతో పనిచేసేది ఒకటి. చైనును ఒక పళ్ళచక్రం మీదనుండి పక్కదాని మీదకు దాటించేది రెండవది. దీనిని డిరైలర్ అంటారు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు "పట్టాలు తప్పించునది" అని అర్థం. పేరుకు తగినట్లే ఇందులో చైను ప్రతిసారీ తన దారి తప్పి మరొక దారిలో పడుతుంది.

సైకిలు కొనేవారు సాధారణంగా ఎన్ని గేర్లున్నాయని అడుగుతారు. కాని నూరేళ్ళకు పైగా ఈ వ్యవస్థలో జరిగిన కృషిలో అధిక భాగం గేర్ల సంఖ్య పెంచడానికి కాక, కోరిన గేరు కోరిన క్షణంలో తడబాటు లేకుండా పడేటట్లు చేయడానికే జరిగినది. ఎత్తు ఎక్కుతుండగా గేరు పడకపోయినా, చైను ఊడిపోయినా సైకిలు ఆగిపోతుంది. ఒక్కొక్కసారి తొక్కేవాడు కింద పడతాడు.

గేర్ల అవసరం

సైకిలుకు ఇంజను మనిషి కాళ్ళే. ఆరోగ్యవంతుడైన సామాన్యుడు చాలాసేపు అలసిపోకుండా ఇవ్వగల శక్తి సుమారు 100 వాట్లు. అదీ పెడళ్ళు నిమిషానికి 60 నుండి 90 చుట్లు తిరుగుతున్నప్పుడే సుఖంగా వస్తుంది. అంతకంటే బాగా నెమ్మదిగా తొక్కవలసి వస్తే మోకాళ్ళ మీద భారం పెరుగుతుంది. మరీ వేగంగా తొక్కితే కాళ్ళు తిప్పడానికే శక్తి వృథా అవుతుంది.

ముందు పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనుకదానికి 16 పళ్ళు ఉన్న సైకిలును ఉదాహరణగా తీసుకొనవచ్చు. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం 48 ÷ 16 = 3 చుట్లు తిరుగుతుంది. చక్రపు చుట్టుకొలత 2.1 మీటర్లయితే సైకిలు 6.3 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్ల చొప్పున తొక్కితే వేగం గంటకు సుమారు 23 కిలోమీటర్లు. సమతలమైన రోడ్డు మీద ఇది చక్కని గేరు.

ఇదే సైకిలు 6 శాతం వాలు గల ఎత్తు ఎక్కవలసి వచ్చినదనుకుందాం. మనిషి, సైకిలు కలిసి 80 కిలోల బరువైతే భూమ్యాకర్షణను, టైర్ల ఘర్షణను ఎదుర్కొనడానికి సుమారు 52 న్యూటన్ల బలం కావాలి. 100 వాట్లతో వచ్చే వేగం గంటకు 7 కిలోమీటర్లు మాత్రమే. అప్పుడు పెడళ్ళు నిమిషానికి 18 చుట్లే తిరుగుతాయి. పెడలు మీద సగటున 32 కిలోల బరువు మోపినంత ఒత్తిడి ఎడతెగకుండా పెట్టాలి. పెడలు పైనా కిందా ఉన్న స్థానాల్లో కాలికి పట్టు దొరకదు గనుక మధ్యలో పెట్టవలసినది ఇంతకు ఎంతో ఎక్కువ. సీటు మీదనుండి లేచి నిలబడి తొక్కడం, చివరికి దిగి నెట్టుకొనిపోవడం ఇందువల్లనే. ముందు, వెనుక పళ్ళు సమానంగా ఉన్న గేరు దొరికితే అదే వేగానికి పెడళ్ళు నిమిషానికి 55 చుట్లు తిరుగుతాయి, ఒత్తిడి 11 కిలోలకు తగ్గుతుంది. గేరు శక్తిని పెంచదు. ఉన్న శక్తిని కాలికి అనువైన రీతిలో వాడుకోనిస్తుంది.

తెలుగునాట పాలక్యానులు, గడ్డిమోపులు, సిలిండర్లు మోసిన సైకిళ్ళలో అత్యధికం ఒకే గేరు గలవి. వంతెన ఎక్కేటప్పుడు దిగి నెట్టడం వాటిని తొక్కినవారికి అలవాటైన పనే. ఆ సైకిళ్ళ సులువు మరొకచోట ఉన్నది: చెడిపోవడానికి అందులో ఏమీ లేదు, చెడినా ఏ ఊళ్ళోనైనా బాగుచేస్తారు. గేర్ల వ్యవస్థను మెరుగుపరచినవారందరూ ఈ సులువుతో పోటీపడవలసి వచ్చినది.

హబ్బు లోపలి గేర్లు

1885లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలుతో వెనుక చక్రాన్ని చైనుతో నడిపే పద్ధతి స్థిరపడినది. అంతకుముందు పెద్ద ముందుచక్రపు సైకిళ్ళలో పెడళ్ళు నేరుగా చక్రానికే ఉండేవి. కాబట్టి చక్రం ఎంత పెద్దదైతే గేరు అంత పెద్దది. తొక్కేవాని కాలి పొడవే దానికి హద్దు. గేరును అంగుళాలలో చెప్పే అలవాటు ఆ కాలం నుండి మిగిలినదే. చైను వచ్చిన తరువాత చక్రం పరిమాణంతో నిమిత్తం లేకుండా గేరును ఎంచుకొనే వీలు కలిగినది. ఇక దానిని దారిలో మార్చుకోవడం ఎలా అన్న ప్రశ్న మిగిలినది.

దీనికి మొదట విజయవంతమైన సమాధానం ఇంగ్లండు నుండి వచ్చినది. 1902లో రూపొందిన స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బును నాటింగ్‌హామ్‌లోని రాలీ సైకిళ్ళ సంస్థ అధిపతి ఫ్రాంక్ బౌడెన్ చేపట్టి వ్యాపారంలోకి తెచ్చాడు. ఇందులో నడుమ ఒక "సూర్య" చక్రం, దాని చుట్టూ తిరిగే "గ్రహ" చక్రాలు, వాటిని చుట్టి లోపలివైపు పళ్ళున్న వలయం ఉంటాయి. 1936లో వచ్చిన ప్రసిద్ధ ఏ.డబ్ల్యూ. నమూనాలో సూర్యచక్రానికి 20 పళ్ళు, వలయానికి 60 పళ్ళు. సూర్యచక్రం ఇరుసుకు బిగించి ఉండగా గ్రహచక్రాలను మోసే చట్రాన్ని తిప్పితే వలయం 1 + 20/60, అంటే 4/3 రెట్లు వేగంగా తిరుగుతుంది. ఇది పై గేరు. వలయాన్ని తిప్పి చట్రం నుండి చలనాన్ని తీసుకుంటే 3/4 వస్తుంది, ఇది కింది గేరు. రెంటినీ తప్పించి చైను చక్రం తిరిగినంతే హబ్బు తిరిగితే నడిమి గేరు. అన్నీ నూనెలో, దుమ్ము తగలని చోట ఉంటాయి. సైకిలు ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చవచ్చు, కాబట్టి మాటిమాటికి ఆగే పట్టణ ప్రయాణానికి ఇది నేటికీ తగినది.

ఇందులోనూ ఒక లోపం ఉండేది. రెండవ, మూడవ గేర్ల మధ్య ఏ గేరూ పట్టని ఖాళీ స్థానం ఒకటి ఉన్నది. కేబులు సరిగా బిగించకపోతే నిలబడి తొక్కుతున్నవాని పెడలు ఒక్కసారిగా జారిపోయేది. 2000లో స్టర్మీ-ఆర్చర్ తైవానుకు చెందిన సన్‌రేస్ సంస్థ చేతికి వచ్చిన తరువాత తయారైన హబ్బులలో ఈ ఖాళీ స్థానాన్ని తొలగించారు. జర్మనీలో 1998లో వచ్చిన రోలాఫ్ హబ్బు 14 గేర్లను సమానమైన అంచెలలో అందించి, పై గేరుకు కింది గేరుకు మధ్య 5 రెట్లకు మించిన తేడాను సాధించినది. అయితే హబ్బు గేర్లు బరువైనవి, ధర ఎక్కువ, విప్పితే కూర్చడం అందరివల్లా కాదు.

డిరైలర్, దానిపై నిషేధం

ఫ్రాన్సులో దారి వేరుగా సాగినది. సెయింట్ ఎటియెన్ పట్టణానికి చెందిన పాల్ ద వీవీ (1853-1930) పట్టు వ్యాపారం వదలి సైకిళ్ళకే జీవితాన్ని అంకితం చేసినవాడు. "వెలోసియో" అన్న కలంపేరుతో తన పత్రికలో పలు గేర్ల సైకిళ్ళ గురించి ఎడతెగకుండా రాశాడు. ఆ చుట్టుపక్కల కొండదారులే ఆయన ప్రయోగశాల.

టూర్ డి ఫ్రాన్స్ పోటీని 1903లో ప్రారంభించిన ఆన్రీ దెగ్రాంజ్ దీనికి పూర్తి వ్యతిరేకి. గెలుపు కండబలం వల్ల రావాలి గాని యంత్రం వల్ల కాదన్నది ఆయన వాదన. గేర్లు వయసు మళ్ళినవారికి మాత్రమే అని వెక్కిరించాడు. ఫలితంగా ఆ పోటీలో డిరైలర్ చాలాకాలం నిషిద్ధం. పోటీదారుల వెనుక చక్రానికి రెండు పక్కలా వేర్వేరు పళ్ళచక్రాలు ఉండేవి. కొండ మొదలు రాగానే దిగి, రెక్కల నట్లు విప్పి, చక్రాన్ని ఊడదీసి తిరగేసి, మళ్ళీ బిగించి ఎక్కేవారు. దిగువకు పోయేముందు మళ్ళీ అదే పని. దెగ్రాంజ్ అనారోగ్యంతో నిర్వహణ బాధ్యత వదిలిన తరువాత 1937లో డిరైలర్‌ను అనుమతించారు. ఆ సంవత్సరం గెలిచిన రొజే లపెబీ డిరైలర్‌తో ఆ పోటీ గెలిచిన మొదటివాడు.

ఇటలీకి చెందిన తుల్లియో కంపాన్యోలో 1927లో మంచు కురుస్తున్న ఒక కనుమలో చలికి వేళ్ళు కొంకర్లుపోయి ఈ నట్లు విప్పలేక పోటీ పోగొట్టుకున్నాడని, అందువల్లనే ఒక్క మీటతో విప్పగల ఇరుసును కనుగొన్నాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథలోని వివరాలను చరిత్రకారులు సందేహిస్తారు. ఏమైనా 1933లో ఆయన స్థాపించిన సంస్థ గేర్ల రంగంలో అగ్రస్థానానికి చేరినది. 1940లలో ఆ సంస్థ అమ్మిన ఒక అమరిక నేడు వింతగా కనిపిస్తుంది. తొక్కేవాడు ఒక చేతిని సీటు వెనుకకు చాపి, నడుస్తున్న సైకిలు వెనుక ఇరుసును మీటతో వదులు చేసి, పెడళ్ళు వెనక్కు తిప్పుతూ రెండవ మీటతో చైనును దాటించి, మళ్ళీ ఇరుసు బిగించాలి. జీనో బార్తలీ 1948 టూర్ గెలిచినది దీనితోనే.

1950ల ప్రారంభంలో అదే సంస్థ గ్రాన్ స్పోర్ట్ డిరైలర్‌ను తెచ్చినది. నాలుగు కీళ్ళున్న సమాంతర చతుర్భుజం ఒకటి కేబులు లాగినప్పుడు ఒరిగి, చైనును నడిపే చిన్న కప్పీని పక్కకు జరుపుతుంది. వదిలితే స్ప్రింగు వెనక్కు తెస్తుంది. ఈనాటి డిరైలర్లన్నిటిలోనూ ఉన్న ఎముకలగూడు ఇదే. అయితే కప్పీ అడ్డంగా మాత్రమే జరుగుతుంది, పళ్ళచక్రాలేమో ఒకదానికంటే ఒకటి పెద్దవి. చిన్నచక్రం దగ్గర కప్పీ చాలా దూరంగా ఉండిపోయి చైను సోమరిగా కదిలేది. జపానుకు చెందిన సన్‌టూర్ సంస్థ 1964లో ఆ చతుర్భుజాన్ని ఏటవాలుగా అమర్చి దీనిని సరిచేసినది. కప్పీ పక్కకు జరుగుతూనే కిందికి కూడా దిగుతుంది, అందువల్ల ప్రతి పళ్ళచక్రానికీ దాదాపు ఒకే దూరంలో ఉంటుంది. చూడడానికి చిన్న మార్పు. కాని పేటెంటు గడువు 1984లో తీరేవరకు పోటీ సంస్థలకు ఇది అందలేదు; తీరిన తరువాత దాదాపు అందరూ దీనినే అనుసరించారు.

అంచెల మార్పిడి

అప్పటివరకు గేరు మార్చే మీట రాపిడి వల్ల మాత్రమే పెట్టినచోట నిలిచేది. ఎంత లాగాలో తొక్కేవాని చెవికి, వేళ్ళకు తెలియాలి. గరగర శబ్దం వస్తే మళ్ళీ కొంచెం సవరించాలి. అనుభవజ్ఞులు దీనిని విద్యగా భావించారు గాని కొత్తవారికి అది పెద్ద అవరోధం.

1984లో జపాను సంస్థ షిమానో తన డ్యూరా-ఏస్ శ్రేణిలో "ఎస్.ఐ.ఎస్." అనే పద్ధతిని ప్రవేశపెట్టినది. మీటలో టిక్కుమని నిలిచే అంచెలుంటాయి, ఒక టిక్కుకు ఒక గేరు. ఆలోచన కొత్తది కాదు, ఇతరులు అంతకుముందే ప్రయత్నించి విఫలమయ్యారు. షిమానో గ్రహించినది ఏమనగా మీటలో అంచెలు పెట్టినంతమాత్రాన చాలదు. కేబులు, దాని తొడుగు, డిరైలర్, పళ్ళచక్రాల మధ్య దూరం, చైను అన్నీ ఒకే లెక్కకు కుదరాలి.

ఎనిమిది చక్రాల అమరికను చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది. పక్కపక్క పళ్ళచక్రాల నడుమ దూరం 4.8 మిల్లీమీటర్లు. షిమానో డిరైలర్ కేబులు కదిలినదానికి 1.7 రెట్లు కదులుతుంది, కాబట్టి ఒక్కొక్క టిక్కుకు మీట 2.8 మిల్లీమీటర్ల కేబులును లాగాలి. ఎక్కడో అర మిల్లీమీటరు వదులు వచ్చినా కప్పీ 0.85 మిల్లీమీటర్లు తప్పుచోట నిలుస్తుంది, చైను రెండు చక్రాల మధ్య ఊగిసలాడుతుంది. పది చక్రాల అమరికలో దూరం 3.95 మిల్లీమీటర్లే గనుక ఓర్పు ఇంకా తక్కువ.

బ్రేకు కేబులు తొడుగులో చుట్టలుచుట్టిన తీగ ఉంటుంది. కేబులు లాగినప్పుడు అది కొద్దిగా నొక్కుకుపోతుంది. బ్రేకుకు దానివల్ల ఇబ్బంది లేదు. గేరుకు మాత్రం ఆ కొద్దిపాటి తేడాయే తప్పు గేరు పడడానికి చాలు. అందువల్ల 1980ల చివరిలో తీగలు నిలువుగా పేర్చిన తొడుగు గేర్ల కొరకు ప్రత్యేకంగా వచ్చినది. ఈ తొడుగును బ్రేకుకు వాడరాదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు తీగలు విడిపోయి తొడుగు పగిలే ప్రమాదం ఉన్నది.

పళ్ళ ఆకృతి

పాత పళ్ళచక్రాలలో పళ్ళన్నీ ఒకే తీరుగా ఉండేవి. ఎంత ఎత్తుగా, నిటారుగా ఉంటే చైను అంత గట్టిగా నిలిచేది, కాని దాటవలసి వచ్చినప్పుడు అదే అడ్డంకి. చైను పెద్దచక్రం పక్కన రాసుకుంటూ ఏదో ఒక పన్ను దొరికేవరకు ఆగి, ఒక్క ఉదుటున ఎక్కేది. 1980ల చివరలో షిమానో తెచ్చిన హైపర్‌గ్లైడ్ చక్రాలలో కొన్ని పళ్ళను పొట్టిగా, కొన్నిటిని కొద్దిగా మెలితిప్పి, పక్కన చైను ఎక్కే మెట్టువంటి గాళ్ళు చెక్కారు. చిన్నచక్రాన్ని వదలుతున్న చైను లంకెలు కచ్చితంగా పెద్దచక్రపు పళ్ళ సందుల్లోకే చేరేటట్లు రెండు చక్రాల స్థానాలను ఒకదానితో ఒకటి జతపరచారు. దాటే ఆ కొద్ది క్షణం చైను రెండు చక్రాల మీదా ఉంటుంది, కాబట్టి లాగుడు తెగిపోదు. తొక్కుడు పూర్తిగా ఆపకుండానే గేరు మార్చడం దీనివల్ల సాధ్యపడినది.

1990లో అదే సంస్థ గేరు మీటను బ్రేకు మీటలోనే ఇమిడ్చినది. అంతకుముందు పోటీ సైకిళ్ళలో మీటలు చట్రపు కింది గొట్టం మీద ఉండేవి, ప్రతిసారీ ఒక చేయి హ్యాండిల్‌బారు వదలవలసి వచ్చేది. గుంపులో, మలుపులో, దిగువకు దూకుతున్నప్పుడు అది సాహసమే. చేయి వదలనక్కరలేదు గనుక తొక్కేవారు ఇదివరకటికంటే తరచుగా గేరు మార్చసాగారు. కంపాన్యోలో 1992లో తన పద్ధతిని తెచ్చినది.

ముందు చక్రాల చిక్కు

వెనుక డిరైలర్ చైనును పట్టుకొనేది కింది వరుసలో. అక్కడ చైను వదులుగా ఉంటుంది, జరపడం సులభం. ముందు డిరైలర్ పనిచేయవలసినది పై వరుస మీద. కాలిబలమంతా ప్రయాణించేది ఆ వరుసలోనే. బిగిసి ఉన్న చైనును పక్కనుండి నెట్టడం తప్ప దానికి వేరే మార్గం లేదు. ముందు గేరు ఎప్పుడూ మొండిగా ఉండడానికి, చైను తరచు అక్కడే ఊడిపోవడానికి కారణం ఇది.

పైగా ముందు మూడు, వెనుక ఏడు కలిపి "21 గేర్లు" అన్న మాట కొంత మోసపూరితం. ముందు 48, 38, 28 పళ్ళు, వెనుక 14 నుండి 28 పళ్ళు ఉన్న సైకిలులో 48-24 జత ఇచ్చేది 2.0 నిష్పత్తి, 28-14 జత ఇచ్చేదీ 2.0 యే. ఇటువంటి పునరుక్తులు అనేకం. చైను ఏటవాలుగా పడే మూలల జతలను వాడరాదు. మొత్తం మీద పై గేరు కింది గేరుకు 3.4 రెట్లు మాత్రమే.

2012లో అమెరికా సంస్థ స్రామ్ కొండదారుల సైకిళ్ళకు ముందు ఒకే చక్రం, వెనుక 10 నుండి 42 పళ్ళ వరకు 11 చక్రాలున్న అమరికను తెచ్చినది. గేర్లు 11 మాత్రమే అయినా తేడా 4.2 రెట్లు. ముందు చక్రపు పళ్ళను ఒకటి వెడల్పు, ఒకటి సన్నం చొప్పున కోశారు. చైను లంకెలు కూడా ఒకటి వెడల్పు, ఒకటి సన్నం గనుక అవి పళ్ళకు గట్టిగా అతుక్కుని చైను ఊడదు. ముందు డిరైలర్, దాని మీట, కేబులు అన్నీ తొలగిపోయినవి. మూలసమస్యను పరిష్కరించకుండా దానిని తప్పించుకొనడమే ఇక్కడి ఉపాయం. గేర్ల మధ్య అంచెలు పెద్దవి కావడం దీనికి చెల్లించిన మూల్యం, సమతల రోడ్డు మీద గుంపుగా పోయేవారికి అది ఇబ్బందికరం.

విద్యుత్ గేర్లు

కేబులు సాగుతుంది, తుప్పు పడుతుంది, మురికి చేరి బిగుసుకుంటుంది. దానినే తొలగించాలని ఫ్రెంచి సంస్థ మావిక్ 1990లలోనే రెండుసార్లు ప్రయత్నించినది. అవి నమ్మకంగా పనిచేయక నిలిచిపోయినవి. షిమానో 2009లో "డి.ఐ.2" పేరిట విద్యుత్ గేర్లను అమ్మకానికి తెచ్చి నిలదొక్కుకున్నది. మీట బదులు బొత్తాము, డిరైలర్‌లో చిన్న మోటారు, ఒక బ్యాటరీ ఉంటాయి. ఏ చక్రం ఎక్కడ ఉన్నదో మోటారుకు ముందే నేర్పబడి ఉంటుంది గనుక ప్రతిసారీ అక్కడికే చేరుతుంది. 2015లో స్రామ్ తీగలు కూడా లేని పద్ధతిని విడుదల చేసినది. బ్యాటరీ అయిపోతే మాత్రం సైకిలు ఉన్న గేరులోనే ఉండిపోతుంది, బాగుచేయడం వీధి చివరి మెకానిక్కు చేతిలో లేదు. ధర కూడా చాలా ఎక్కువ.

డిరైలర్‌ను చట్రానికి తగిలించే చిన్న రేకును హ్యాంగరు అంటారు. సైకిలు పడినప్పుడు మొదట వంగేది ఇదే, వంగితే ఎంత ఖరీదైన గేరైనా తప్పుతుంది. 2023లో స్రామ్ విడుదల చేసిన కొండదారుల సైకిళ్ళ డిరైలర్ హ్యాంగరు లేకుండా నేరుగా వెనుక ఇరుసు చుట్టూ బిగుస్తుంది.

వాడకం, సవరణ

గేరు ఎత్తు మొదలు కాకముందే మార్చాలి, ఎక్కడం మొదలైన తరువాత కాదు. డిరైలర్ గేర్లు పెడళ్ళు తిరుగుతుండగా మాత్రమే మారతాయి. మార్చే క్షణంలో కాలి ఒత్తిడి తగ్గించాలి. ఆగబోయేముందు కింది గేరుకు రావడం మంచి అలవాటు, లేకపోతే బయలుదేరేటప్పుడు పెద్ద గేరులో తొక్కవలసి వస్తుంది.

అంచెల గేరు సరిగా పడకపోతే చాలాసార్లు కేబులు బిగువును సవరించే గుండ్రని మరను అర చుట్టు తిప్పితే చాలు. పెద్ద చక్రం వైపు ఎక్కనని మొరాయిస్తే బిగించాలి, చిన్న చక్రం వైపు దిగనంటే వదులు చేయాలి. డిరైలర్ మీద ఉండే మరి రెండు చిన్న మరలు దాని హద్దులు నిర్ణయిస్తాయి. లోపలి హద్దు తప్పితే చైను పెద్దచక్రాన్ని దాటి చక్రపు పుల్లలలో పడి చక్రం హఠాత్తుగా బిగుసుకుపోవచ్చు. సైకిలు పడిన తరువాత ఈ హద్దును పరీక్షించకుండా ఎక్కరాదు.

చైను అరిగితే ఏ గేరూ సవ్యంగా పనిచేయదు. కొత్త చైనులో 24 కీళ్ళ పొడవు సరిగ్గా 12 అంగుళాలు. స్కేలు పెట్టి కొలిచినప్పుడు అది అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు పెరిగేదాకా వాడితే పళ్ళచక్రాలు కూడా అరిగిన చైనుకు తగ్గట్లు అరిగిపోతాయి, అప్పుడు కొత్త చైను వేసినా వాటి మీద జారుతుంది. రెండూ మార్చవలసి వస్తుంది.